గోలలో మాట పట్టాలంటే రెండో చెవీ కావాలి
కాక్లియర్ ఇంప్లాంట్‌కు తోడుగా వినికిడి యంత్రం.. పక్కన పడేస్తే నష్టమే

ఏలూరు: ఇంట్లో పిలిస్తే పలుకుతాడు. పక్క గదిలోంచి అడిగినా సమాధానం చెబుతాడు. అదే పిల్లవాడు పెళ్లి పందిట్లో మేనమామ మూడుసార్లు పిలిచినా తల తిప్పడు. కొత్త బస్టాండులో పక్కనే నిల్చున్న తల్లి మాట అందక 'ఆఁ?' అంటూ ఆమె మొహంలోకి చూస్తాడు. తరగతిలో ముందు బెంచీలో కూర్చోబెడితే పాఠం వింటాడు, నాలుగో బెంచీకి మారిస్తే నోటు పుస్తకంలో సగం పేజీ ఖాళీ. కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చిన పిల్లలున్న ఇళ్లలో వినిపించే ఫిర్యాదు ఇది. 'ఇంట్లో బాగానే వింటాడండీ, బయటికి వెళ్తేనే మాట చెవిన పెట్టడు' అని పెద్దలు అంటుంటారు. చెవిన పెట్టకపోవడం కాదు, మాట చెవికి చేరకపోవడమే అసలు సంగతి.

ఆరోగ్యశ్రీ పథకం 2007లో ప్రారంభమైన తరువాత పేద కుటుంబాల పిల్లలకు సైతం ఈ శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2014 నుంచి అడిప్ పథకం కింద కూడా ఇంప్లాంట్లు సమకూర్చింది. ఈ పథకాల్లో ఎక్కువమందికి అమర్చింది ఒక చెవికే. నాటి పిల్లల్లో పలువురు నేడు కళాశాలల్లో చదువుతున్నారు, ఉద్యోగాల్లో చేరుతున్నారు. మరి శస్త్రచికిత్సకు ముందు రెండు చెవులకూ పెట్టిన వినికిడి యంత్రాల మాటేమిటి? రెండో చెవి యంత్రం కొన్ని ఇళ్లలో బీరువా అరలోకి చేరింది. 'ఆపరేషన్ అయింది కదా, ఇంకా ఆ మిషన్ దేనికి?' అన్న భావనే ఇందుకు కారణం. 'ఆ చెవితో ఒక్క మాటా అర్థం కాదు' అన్నది మరో కారణం. ఈ రెండో మాట చాలావరకు నిజమే. అయినా గోలలో మాట వినవలసి వచ్చినప్పుడు అక్కరకు వచ్చేది ఆ చెవే. ఒంటరిగా ఒక్క పదమూ స్పష్టంగా చెప్పలేని చెవి, ఇంప్లాంట్‌కు తోడైనప్పుడు వాక్యాన్ని నిలబెడుతుంది. వింతగా తోచే ఈ విషయం వెనుక ఉన్న కారణాలు తెలుసుకుంటే యంత్రాన్ని ఎవరూ బీరువాలో పెట్టరు.

మాటా గోలా కలిస్తే..

ధ్వని తీవ్రతను డెసిబెల్లలో కొలుస్తారు. ఈ లెక్కలో మూడు డెసిబెల్లు పెరిగితే ధ్వని శక్తి రెట్టింపు అయినట్లు. ఒక మాట అర్థం కావడం అది ఎంత బిగ్గరగా ఉన్నదనే దానికన్నా, చుట్టూ ఉన్న గోలకన్నా ఎంత పైకి తేలినదనే దానిమీదే ఎక్కువగా ఆధారపడుతుంది. వినికిడి సక్రమంగా ఉన్నవారికి, మాటకన్నా గోలే కొన్ని డెసిబెల్లు ఎక్కువగా ఉన్నా, వాక్యంలో సగం పదాలు దొరుకుతాయి. ఒక్క ఇంప్లాంట్‌తో వినేవారికి సాధారణంగా అలా కుదరదు. మాటే గోలకన్నా కొన్ని డెసిబెల్లు పైన ఉండాలి. మిగిలినవారు తీరుబడిగా కబుర్లు చెప్పుకొనే చోట వీరికి మాట చేజారిపోవడానికి కారణం ఈ వ్యత్యాసమే.

నలుగురు ఒకేసారి మాట్లాడుతుండగా ఒకరి మాటను ఏరుకోవడం మెదడు చేసే పని. బ్రిటన్ శాస్త్రవేత్త కోలిన్ చెర్రీ 1953లో దీనిపై ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. శాస్త్రజ్ఞులు దీనిని 'కాక్‌టెయిల్ పార్టీ సమస్య' అంటారు. మనం పెళ్లి భోజనాల బంతి సమస్య అనుకుంటే సరిపోతుంది. ఆ ఏరివేతకు మెదడు వాడుకొనే ఆనవాళ్లలో రెండు ముఖ్యమైనవి. మాట ఎటువైపు నుంచి వస్తున్నదనేది ఒకటి, అది ఏ గొంతు అనేది రెండోది. దిక్కు తెలియాలంటే రెండు చెవులూ పనిచేయాలి. గొంతు తెలియాలంటే దాని శ్రుతి, అంటే మంద్రమో తారమో, అందాలి. ఒక చెవి ఇంప్లాంట్‌తో దిక్కు తెలియదు, శ్రుతి సరిగా అందదు.

దీనికి దూరం తోడవుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట ఆరు డెసిబెల్లు తగ్గుతుంది. ఒక మీటరు దూరంలో ఉన్న మాస్టారు నాలుగు మీటర్ల దూరానికి వెళ్తే తగ్గుదల పన్నెండు డెసిబెల్లు. గదిలో గోడలు ధ్వనిని తిప్పికొడతాయి కనుక తగ్గుదల కొంత తక్కువే. కానీ ఆ ప్రతిధ్వని ఒక అక్షరం తోకను తరువాతి అక్షరం మీద పడేస్తుంది. నెత్తిమీద తిరిగే ఫ్యాను చప్పుడు మాత్రం ఏ బెంచీలో కూర్చున్నా దాదాపు ఒకటే. నాలుగో బెంచీలో మాట, గోల సరిసమానమైపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంప్లాంట్ పంపేదేమిటి?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలో సుమారు 3,500 లోపలి రోమ కణాలుంటాయి. ధ్వని కంపనాలను గ్రహించి శ్రవణ నాడికి అందించేవి ఇవే. పుట్టుకతోనో, మెదడు పొరల వాపు వంటి జబ్బు వల్లనో ఈ కణాలు దెబ్బతింటే ఎంత బిగ్గరగా వినిపించినా నాడికి సమాచారం చేరదు. కాక్లియర్ ఇంప్లాంట్ ఈ కణాలతో పని లేకుండా నాడిని నేరుగా విద్యుత్తుతో ప్రేరేపిస్తుంది. ఇందుకోసం కర్ణావర్తంలోకి పంపే సన్నని తీగ మీద తయారీ సంస్థను బట్టి 12 నుంచి 22 వరకు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. మూడున్నర వేల కణాలు చేయవలసిన పనిని ఇవి చేయాలి. వీణ మీద పలికే గమకాన్ని హార్మోనియం మెట్ల మీద పలికించబూనడం వంటిదే ఇది. స్వరం వస్తుంది, జారు రాదు.

చెవి వెనుక ఉండే ప్రాసెసర్ ధ్వనిని పౌనఃపున్యాల వారీగా కొన్ని భాగాలు చేస్తుంది. ఒక్కో భాగంలో ధ్వని బలం ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అన్నది లెక్కకట్టి, ఆ హెచ్చుతగ్గులను విద్యుత్ స్పందనలుగా మార్చి ఎలక్ట్రోడ్లకు పంపుతుంది. అమెరికా శాస్త్రవేత్త బ్లేక్ విల్సన్ బృందం 1991లో ప్రకటించిన పద్ధతి నేటి ప్రాసెసర్లకు పునాది. ఆస్ట్రేలియాకు చెందిన గ్రేమ్ క్లార్క్, ఆస్ట్రియాకు చెందిన ఇంగెబోర్గ్ హోక్‌మైర్‌లతో కలిసి ఆయన 2013లో లాస్కర్ పురస్కారం అందుకున్నారు. ఈ పద్ధతిలో మాట ఆకృతి నాడికి చేరుతుంది. గొంతు శ్రుతిని మోసే అతి సూక్ష్మమైన కంపనాలు మాత్రం చాలావరకు వదిలివేయబడతాయి.

మాట ఆకృతి ఒక్కటే చాలా? నిశ్శబ్దంలోనైతే చాలు. రాబర్ట్ షానన్ బృందం 1995లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, మాటను కేవలం నాలుగు భాగాల హెచ్చుతగ్గులకు కుదించి వినిపించినా మామూలు వినికిడి ఉన్నవారు వాక్యాలను చక్కగా గుర్తించగలిగారు. ఇంప్లాంట్ పెట్టుకున్న పిల్లవాడు ఇంట్లో అన్నీ వినగలగడానికి కారణం ఇదే. గోల కలిసినప్పుడు నాలుగు భాగాలు ఎంతమాత్రం చాలవు. పైగా కర్ణావర్తంలోని ద్రవంలో విద్యుత్తు పక్కలకు వ్యాపించి, ఒక ఎలక్ట్రోడ్ స్పందన పొరుగు ఎలక్ట్రోడ్ హద్దులోకి పోతుంది. ఎలక్ట్రోడ్ల సంఖ్య పెంచుతూ పోయినా ఏడు నుంచి పది దాటిన తరువాత ఇంప్లాంట్ వాడేవారికి మాట గుర్తింపు పెద్దగా మెరుగుపడలేదని 2001లో అమెరికాలో జరిగిన అధ్యయనం తేల్చింది. అందువల్ల 22 ఉన్నదా, 12 ఉన్నదా అని కరపత్రాలు పోల్చుకుంటూ కూర్చోవడం వల్ల ఒరిగేది తక్కువ.

పెళ్లి పందిరికి మరో చిక్కు ఉంది. ప్రాసెసర్ పెద్ద శబ్దాలను తనంతట తానే అణచివేస్తుంది. డోలు దెబ్బ పడగానే శబ్దాన్ని కిందికి దించుతుంది. దానితోపాటే పక్కవారి మాట కూడా దిగిపోతుంది. మేనమామ పిలుపు మేళం కింద పడి నలిగిపోయేది ఇక్కడే.

పడి, బడి, మడి

అద్దం ముందు నిలబడి, గొంతు పైకి రాకుండా 'పడి, బడి, మడి' అని పలికి చూడండి. పెదవుల కదలిక మూడింటికీ ఒకటే. పెదవులు చూసి మాట పట్టుకోవడంలో ఎంత ఆరితేరినవారైనా వీటిని విడదీయలేరు. తేడా గొంతులో ఉంది. 'బ' పలికేటప్పుడు పెదవులు మూసి ఉండగానే స్వరతంత్రులు కంపిస్తూ సన్నని హుంకారం వంటి నాదం పుడుతుంది. 'మ' పలికితే ఆ నాదం ముక్కులోంచి వస్తుంది. 'ప'లో నాదం ఉండదు. ఈ నాదమంతా కొన్ని వందల హెర్ట్జ్‌ల లోపే, అంటే మంద్ర ధ్వనుల్లోనే ఉంటుంది. 'కట్టు'కూ 'గట్టు'కూ తేడా అదే.

ఇప్పుడు 'కాలు, తాలు' పలకండి. ఈ రెండింటినీ వేరుచేసే ఆనవాలు ఎక్కువగా పై పౌనఃపున్యాల్లో ఉంటుంది. 'నీరు, నూరు' జంట కూడా అంతే. మంద్ర ధ్వనులు మాత్రమే వినగలిగే చెవికి ఈ రెండు పదాలూ దాదాపు ఒకటిగానే తోస్తాయి. 'నీరు తే' అంటే 'నూరు తే' అనిపించవచ్చు.

తీవ్రమైన వినికిడి లోపం ఉన్నవారిలో పలువురికి 500 హెర్ట్జ్‌ల లోపు కొంత వినికిడి మిగిలి ఉంటుంది. రెండో చెవికి పెట్టిన వినికిడి యంత్రం ఈ మిగిలిన వినికిడికే బలం చేకూరుస్తుంది. అది 'నీరు', 'నూరు' తేడా చెప్పలేదు కనుక 'ఆ చెవితో ఏమీ అర్థం కాదు' అన్న మాట పుట్టింది. ఆ తేడాను ఇంప్లాంట్ చెబుతుంది. ఇంప్లాంట్ బలహీనంగా చెప్పే 'పడి', 'బడి', 'మడి' తేడాను యంత్రం గట్టిగా చెబుతుంది. ఒకదానిలో లేనిది మరొకదానిలో ఉంది. రెండు చెవుల్లో రెండు రకాల వినికిడిని ఇలా జతచేసే పద్ధతిని ఆడియాలజిస్టులు 'బైమోడల్' అని పిలుస్తారు.

ఇక గోల సంగతి. ఆంగ్ల హల్లులపై మిల్లర్, నైస్లీ అనే పరిశోధకులు 1955లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గోల పెరిగేకొద్దీ మొదట చెరిగిపోయేది ప, త, క ల వంటి ఉచ్చారణ స్థాన భేదం. నాదం ఉన్నదా లేదా, ముక్కు నుంచి పలికినదా కాదా అన్న భేదాలు చాలాసేపు నిలుస్తాయి. అంటే గోలలో చివరిదాకా మిగిలేది యంత్రం అందించే సమాచారమే. దానికి తోడు గొంతు శ్రుతి అందితే, మాట్లాడేది మాస్టారా, వెనుక బెంచీ పిల్లలా అన్నది మెదడుకు తెలుస్తుంది. ఒక పదం ఎక్కడ ఆరంభమై ఎక్కడ ఆగిందో పోల్చుకోవడమూ తేలికవుతుంది. అమెరికాలోని ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన ఫలితాలు ఇంకా ఆసక్తికరం. ఇంప్లాంట్‌కు తోడుగా రెండో చెవికి పురుషుని గొంతులోని 125 హెర్ట్జ్‌ల లోపు ధ్వనిని మాత్రమే వినిపించారు. ఆ చెవి నుంచి కలిగే ప్రయోజనంలో అధిక భాగం అంతమాత్రానికే లభించింది. వాక్యం సంగతి అటుంచి, ఒక అక్షరం కూడా చెప్పలేని ఆ 'ఊఁ' నాదం అంత పని చేస్తున్నదన్న మాట.

అందరికీ ఒకేలా ఉండదు

ఈ ప్రయోజనం వ్యక్తిని బట్టి మారుతుంది. రెండో చెవిలో వినికిడి ఏమాత్రం మిగలని వారికి యంత్రం వల్ల లాభం లేదు. కొందరికి ఆ చెవిలోని శబ్దం అపశ్రుతిగా ఉండి చిరాకు కలిగిస్తుంది. ఇటువంటి వారికి రెండో చెవికీ ఇంప్లాంట్ అమర్చే విషయాన్ని వైద్యులు పరిశీలిస్తారు. అయితే ఆ నిర్ణయం పరీక్షల మీద ఆధారపడి తీసుకోవాలి తప్ప, 'వాడికి ఇష్టం లేదు' అని ఇంట్లో తేల్చేయకూడదు. ఇష్టం లేకపోవడానికి యంత్రం అమరిక సరిగా లేకపోవడమూ కారణం కావచ్చు.

శస్త్రచికిత్సకు ముందు యంత్రానికి చేసిన అమరిక ఆ తరువాత పనికిరాదు. అప్పట్లో ఆ యంత్రమే మొత్తం మాటను మోయవలసి ఉండేది కనుక పై పౌనఃపున్యాలను కూడా బలవంతంగా పెంచి ఉంటారు. ఇప్పుడు ఆ బాధ్యత ఇంప్లాంట్‌ది. మంద్ర ధ్వనులు చక్కగా అందేలా, రెండు చెవుల్లోనూ బిగ్గరతనం సమంగా ఉండేలా ఆడియాలజిస్టు మళ్లీ సరిచేయాలి. ఇంప్లాంట్ 'మ్యాపింగ్'కు వెళ్లిన ప్రతిసారీ యంత్రాన్ని కూడా వెంట తీసుకువెళ్లాలి. చాలామంది దానిని ఇంట్లో వదిలి వెళ్తారు. ఇంప్లాంట్ చూసేది ఒకరు, యంత్రం అమ్మింది మరొకరు అయినప్పుడు ఈ సమతూకం ఎవరికీ పట్టకుండా పోతుంది. అడిగి చేయించుకోవలసింది తల్లిదండ్రులే.

చెవిలో పెట్టే మౌల్డ్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. పిల్లలు ఎదిగేకొద్దీ అది వదులవుతుంది. యంత్రం కీచుమని ఈల వేయడం మొదలుపెడుతుంది. ఆ ఈల భరించలేక శబ్దం తగ్గిస్తారు. వదులైన సందులోంచి మొదట బయటికి కారిపోయేవి మంద్ర ధ్వనులే. అంటే ఏ ధ్వని కోసం యంత్రం పెట్టామో అదే పోతుంది. కొత్త మౌల్డ్ తీయించడం యంత్రం మార్చడమంత ఖర్చుతో కూడిన పని కాదు.

శస్త్రచికిత్స అనంతరం కొత్త చెవికి అలవాటు పడేందుకు రోజులో కొంతసేపు యంత్రం తీయించి సాధన చేయించడం ఉంది. అది వేరు, పూర్తిగా మాన్పించడం వేరు. ఏళ్ల తరబడి ఏ శబ్దమూ అందని చెవికి సంబంధించిన నాడీ మార్గాలు మెదడులో మందగిస్తాయి. పుట్టు వినికిడి లోపం ఉన్న పిల్లల్లో ఇది మరింత తీవ్రం. రేపు ఆ చెవికి రెండో ఇంప్లాంట్ పెట్టించాలనుకున్నా అంతవరకు యంత్రంతో మేల్కొని ఉన్న చెవికి, నిద్రపోయిన చెవికి వచ్చే ఫలితాల్లో తేడా ఉంటుంది.

తరగతిలో, పందిట్లో..

రెండు చెవులూ పనిచేస్తున్నా గోల మీద పూర్తి విజయం సాధ్యం కాదు. గోలలో మాటను అందించడంలో ఇప్పటివరకు వచ్చిన సాధనాల్లో మేలైనది మాట్లాడేవారి దగ్గర ఉంచే మైకు. ఉపాధ్యాయుడి నోటికి జానెడు దూరంలో చిన్న మైకు తగిలిస్తే, అది మాటను రేడియో తరంగాల ద్వారా నేరుగా ప్రాసెసర్‌కూ, యంత్రానికీ పంపుతుంది. దూరం వల్ల కలిగే నష్టం దాదాపు తొలగిపోతుంది. నాలుగో బెంచీ ముందు బెంచీతో సమానమవుతుంది. మైకు కొనేముందు అది రెండు చెవుల పరికరాలతోనూ కలుస్తుందా అని చూసుకోవాలి. కాక్లియర్ సంస్థ ప్రాసెసర్లలో కొన్ని రీసౌండ్ యంత్రాలతోను, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ ప్రాసెసర్లలో కొన్ని ఫోనాక్ యంత్రాలతోను జతకూడేలా తయారయ్యాయి. కొత్త యంత్రం తీసుకొనే సమయంలో ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాత చేతులు కాల్చుకోనక్కరలేదు.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 విద్యార్థి అవసరాలకు తగిన వసతులు కల్పించాలని విద్యాసంస్థలను ఆదేశిస్తోంది. కూర్చునే చోటు, మైకు ధరించడం వంటివి ఉపాధ్యాయుల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడినవి కావు. ప్రధానోపాధ్యాయునికి లిఖితపూర్వకంగా విన్నవించుకోవడం మంచిది.

ప్రాసెసర్లలో, యంత్రాల్లో ముందు నుంచి వచ్చే ధ్వనికే ప్రాధాన్యమిచ్చే దిశా మైకులు ఉంటాయి. ఇవి పనిచేయాలంటే గోల వెనుక ఉండాలి. పందిట్లో మేళానికి వీపు పెట్టి, మాట్లాడేవారికి ఎదురుగా కూర్చోవాలి. 'నాయిస్ రిడక్షన్' అని ప్రచారం చేసే సదుపాయం వినికిడి యంత్రాల్లో చెవికి హాయినిస్తుంది, మాట స్పష్టతను మాత్రం అంతగా పెంచదు. దానికోసమే అదనంగా చెల్లించే ముందు ఆలోచించాలి. పెద్దగా అరవడం వల్ల ఉపయోగం లేదు. అరుపులో మాట ఆకృతే మారిపోతుంది, ప్రాసెసర్ దానిని మళ్లీ అణచివేస్తుంది. రెండడుగులు దగ్గరికి జరిగి, మొహం కనబడేలా నిల్చుని, మామూలు గొంతుతో కాస్త నెమ్మదిగా చెబితే చాలు.

పరీక్షించుకోండిలా..

రెండో చెవి యంత్రం పనికివస్తున్నదో లేదో ఇంట్లోనే స్థూలంగా తెలుసుకోవచ్చు. టీవీలో వార్తలు మామూలు శబ్దంతో పెట్టండి. పిల్లవాడికి రెండడుగుల దూరంలో, మొహం కనబడకుండా పలుచని వస్త్రం అడ్డుపెట్టుకుని పడి, బడి, మడి, కట్టు, గట్టు, కాలు, తాలు, నీరు, నూరు వంటి పదాలను కలగలిపి ఇరవై చెప్పి, విన్నది విన్నట్లు తిరిగి అనమనండి. మొదట ఇంప్లాంట్ ఒక్కదానితో, తరువాత యంత్రం కూడా పెట్టి మరో వరుసలో. ఆపైన రెండు మూడు చిన్న వాక్యాలు. ఒకరోజు ఫలితం చూసి నిర్ణయానికి రావద్దు, వారం వ్యవధిలో మూడు నాలుగు సార్లు చేసి ఏ పదానికి ఏ పదం అన్నాడో కాగితం మీద రాయండి. ఎన్ని తప్పులన్నదానికన్నా ఎటువంటి తప్పులన్నదే ఆడియాలజిస్టుకు ఎక్కువ సమాచారం ఇస్తుంది. యంత్రం పెట్టినా 'బడి'ని 'పడి' అంటున్నాడంటే మంద్ర ధ్వనులు అందడం లేదన్న అనుమానం కలగాలి. మౌల్డ్, బ్యాటరీ, అమరిక ఆ వరుసలో చూడాలి. వాడకుండా ఏళ్లు గడిచిన యంత్రాన్ని మాత్రం నేరుగా చెవికి పెట్టవద్దు. వినికిడి ఈలోగా మారి ఉండవచ్చు. ముందుగా ఆడియోగ్రామ్ తీయించాలి. దగ్గరలో ఆడియాలజిస్టు లేనివారు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని సంప్రదించవచ్చు. వెళ్లేటప్పుడు ఆ కాగితంతోపాటు ప్రాసెసర్, యంత్రం, పాత మౌల్డ్, శస్త్రచికిత్స నాటి పత్రాలు వెంట ఉంచుకోవాలి.